ఇష్టం లేని చెయ్యి

కంపెనీవాళ్ల కాగితాల్లో నా పేరు పక్కన ‘మొండిమనిషి, సహకరించదు’ అని రాసి ఉందట. మా మొగపాలెంలో అలాంటివాళ్లని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోరు. ఊరంతా అంతే కాబట్టి.

నా పేరు గరికిన బంగారమ్మ. మా అయ్య పోలయ్య చేపల వేటకి వెళ్తాడు. వాళ్లయ్యా వెళ్లాడు, ఆయన తాతా వెళ్లాడు. నేను మాత్రం విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పెట్టెలు చేస్తాను. ఏం పెట్టెలని మా ఊళ్లో ఎవరూ అడగరు. వాళ్ల పడవల్లో ఉన్నవి అవే.

సముద్రం అడుగున రాళ్లదిబ్బలుంటాయి. వాటిని మేం పారులంటాం. చేపలు చేరేది అక్కడే. పైనుంచి చూస్తే మాత్రం అంతా నీళ్లే. ఫలానా కొండ కొస ఫలానా తెల్లమేడ మీదికి రావాలి, ఇటుపక్క రెండు తాడిచెట్లు ఒకటిగా కనిపించాలి, అప్పుడు కింద పారు ఉన్నట్టు. ఈ గురుతులు ఏ ఇంటివి ఆ ఇంటివే. కొడుక్కి చెబుతారు. అల్లుడికి చెప్పాలంటే పదేళ్లు చూస్తారు. పొద్దున్నే పడవ నెట్టేటప్పుడు ఎవరైనా “ఎటు?” అంటే అందరూ అబద్ధమే చెబుతారు. అబద్ధమని అడిగినవాడికీ తెలుసు. నిజం అడగకపోవడం, నిజం చెప్పకపోవడం మా ఊళ్లో మర్యాద.

నేను చదువుకునే రోజుల్లో ఈ గురుతుల్ని ఫోన్లలో దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ ఫోన్లలోని సంగతులు ఎవరి గోదాముకి చేరాయో తెలియదు. రెండేళ్లు తిరక్కుండా కంపెనీ ట్రాలర్లు సరిగ్గా మా పారుల మీదికే వచ్చి నిలబడ్డాయి. గుడ్లు, పిల్లలు, నాచు, అన్నీ ఊడ్చుకుపోయాయి. ఆ ఏడు మా అయ్య మూడు నెలలు వల తీయలేదు.

అందుకే నేను కబురుపెట్టె చేశాను.

టిఫిన్ క్యారేజీ అంత పెట్టె. రెండు పడవలు సముద్రంలో కాస్త దగ్గరగా వస్తే చాలు, రెండు పెట్టెలూ వాటంతట అవే మాట్లాడుకుని, ఒకదాంట్లో ఉన్న ఫైళ్లన్నీ రెండోదానికి ఇచ్చేస్తాయి. టవరు అక్కర్లేదు, నడుమ పెద్ద కంప్యూటరూ అక్కర్లేదు. ఏ పడవ ఫైలైనా వారం తిరిగేసరికి నూట నలభై పడవల్లోనూ ఉంటుంది. పది పడవలు మునిగినా ఒక ఇంటి గురుతులు పోకూడదు, వంద పడవల్లో ఉన్నా ఎవడూ వాటిని చదవకూడదు. నాకు కావలసింది ఈ రెండే. మొదటిది తేలిక. రెండోదానికి నాలుగేళ్లు పట్టింది.

“మరి తాళంచెవి ఎక్కడుంటుంది?” అని మా ప్రొఫెసర్ సదాశివం గారు మొదటిరోజే అడిగారు.

“తొమ్మిది చేతుల్లో ఉంటుంది సార్.”

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

ఫైలు ఎవరిదో వాళ్లు తొమ్మిదిమందిని ఎంచుకుంటారు. ఆ తొమ్మిదిమందీ ఒక్కొక్కరే పెట్టె మీది ఇత్తడిపలక మీద అరచెయ్యి పెడతారు. పెట్టె ఆ చేతి నాడిని పట్టుకుని, తాళంచెవిలో ఒక ముక్కని దానికి ముడేస్తుంది. తర్వాతెప్పుడైనా ఆ తొమ్మిదిలో ఐదు చేతులు పడితే ఫైలు తెరుచుకుంటుంది. ఆ తొమ్మిదిమందీ ఎవరో పెట్టె ఎవరికీ చెప్పదు. నాకూ చెప్పదు. అన్నిటికన్నా కష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. ఇష్టపడి పెట్టిన చేతిలో నాడి ఒకలా నడుస్తుంది. బెదిరిస్తేనో, బతిమాలితేనో, మొహమాటానికో పెట్టిన చేతిలో ఇంకోలా నడుస్తుంది. ఆ తేడాని పట్టుకోవడమే నా నాలుగేళ్ల పని. ఇష్టముంటే పలక పక్కన పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. అసలు ముక్కే లేని చెయ్యయితే ఏ దీపమూ వెలగదు.

మా పరిశోధనశాలకి డబ్బు ఇచ్చేవాళ్లలో ఆ ట్రాలర్ల కంపెనీ కూడా ఉంది. వాళ్ల తరఫున ముకుందం గారని ఒకాయన చూడటానికి వచ్చినప్పుడు, పరీక్ష ఫైలు ముక్క ఒకటి తన దగ్గరున్న సదాశివం గారు ఎంతో ఉత్సాహంగా పలక మీద చెయ్యి పెట్టారు. ఎర్రదీపం. తుడుచుకుని మళ్లీ పెట్టారు. ఎర్రదీపం. ఏసీ చలికి చేతులు బిగుసుకున్నాయని ఏసీని ఆపించారు. మూడోసారీ ఎరుపే. వాళ్లు వెళ్లాక, “పాడైందా బంగారమ్మా?” అని అడిగారు.

“లేదు సార్. మీకు వాళ్లకి చూపించడం ఇష్టం లేదు.”

ఆయన ఏసీ మళ్లీ వేయించారు. తర్వాత రెండు టీలు తెప్పించారు. ఒకటి నాకు.

ఇక్కడే ఒక తప్పు ఒప్పుకోవాలి. పరీక్షల కోసం అన్ని ఫైళ్లనీ తెరిచే పెద్ద తాళం ఒకటి చేసుకున్నాను. గోరంత బిళ్ల. పని అయ్యాక విరిచెయ్యాలి. విరవలేదు. అది ఉందని సదాశివం గారికి తెలుసు, ఆయన నోరు జారడం వల్ల ముకుందం గారికీ తెలిసింది. ఎందుకు విరవలేదని తర్వాత చాలామంది అడిగారు. చేతులారా చేసినదాని మీద మమకారం, అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

*

ఆ సోమవారం పొద్దున్న అయ్యా, ఎల్లాజీ బాబాయీ ఇద్దరే పడవ నెట్టారు. ఎల్లాజీ బాబాయి ఇరవై ఏళ్లుగా మా పడవలో కలాసి. అతని భార్య కొర్లమ్మ పిన్ని. మా అమ్మ పోయాక నాకు తలంటిపోసిందీ, పరీక్షలప్పుడు గుడ్డు ఉడకబెట్టిచ్చిందీ ఆమే. ఆమె ఒడ్డు మీద నిలబడి “ఎటు?” అంది. అయ్య “ఉత్తరం” అన్నాడు.

మంగళవారం గాలివాన వచ్చింది. బుధవారానికి అన్ని పడవలూ తిరిగొచ్చాయి, మాది తప్ప. గురువారం పొద్దున్న నేను ఊరు చేరేసరికి గస్తీ ఓడలు ఉత్తరాన వెతుకుతున్నాయి. గస్తీ ఓడల అధికారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. “సార్, మా అయ్య ఉత్తరం అన్నాడంటే ఉత్తరం తప్ప ఎటైనా కావొచ్చు” అన్నాను. “అదేంటమ్మా, ప్రాణాల మీదికి వస్తే కూడా అబద్ధమేనా?” అన్నాడాయన. వెళ్లేటప్పుడు ప్రాణాల మీదికి వస్తుందని ఎవరికి తెలుసు?

అప్పుడే పక్క ఊరి పడవ ఒకటి ఒడ్డుకి చేరింది. దాని పెట్టెలో ఉన్న కొత్త ఫైళ్లు మా ఊరి పెట్టెల్లోకి పడ్డాయి. వాటిలో ఒకదాని మీద ‘గరికిన పోలయ్య, బుధవారం, ఉదయం ఆరుగంటల పది’ అని ఉంది.

బుధవారం ఉదయానికి అయ్య బతికి ఉన్నాడు. పెట్టెతో ఏదో చెప్పాడు. వాన మసకలో దగ్గరగా పోతున్న పక్క ఊరి పడవకి తెలియకుండానే ఆ మాట దాని పెట్టెలోకి చేరింది. చోటేదో ఆ ఫైల్లో ఉంది. ఆ ఫైలుకి తాళం ఉంది. ఆ తాళం వేసింది నా పెట్టె.

 పడవ యజమాని పెట్టెతో ఏం మాట్లాడినా దానికి తాళం వెయ్యమని నేనే నేర్పాను. కాపాడండని పెట్టే కేకకి తాళం ఉండకూడదన్న సంగతి నాకు తట్టలేదు. ఇంకెక్కడి ఇంజనీరుకైనా తట్టేది. చావు ముంచుకొచ్చినా చోటు పేరు నోట పలకని ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు తట్టలేదు.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. సదాశివం గారు దిగారు, ఆయన వెనక ముకుందం గారు దిగారు. ఇసకలో బూట్లు కూరుకుపోతుంటే ముకుందం గారు మెల్లగా నడిచొచ్చారు.

“మా హెలికాప్టర్ సిద్ధంగా ఉంది. మీ దగ్గర పెద్ద తాళం ఉందని విన్నాను. చోటు తెలిస్తే గంటలో మీ నాన్నగారి దగ్గర ఉంటాం” అన్నారు.

చెడ్డగా చెప్పలేదు. నిజంగా సాయం చేసేవాడి గొంతుతోనే చెప్పారు. బిళ్ల నా సంచిలోనే ఉంది.

కొర్లమ్మ పిన్ని నా రెండు చేతులూ పట్టుకుంది. “తెరిసీ తల్లీ. నీ కాల్మొక్కుతాను, తెరిసీ.”

“పిన్నీ, ఒక్క మాట విను. ఈ బిళ్ల ఒక్క పెట్టెలో పెడితే ఆగదు. పెట్టెలు ఏదీ దాచుకోవు, ఒకదానికి తెలిసింది అన్నిటికీ చెప్పుకుంటాయి. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, సాయంత్రానికి ఈ తాళం నూట నలభై పెట్టెల్లోకి పోతుంది. కంపెనీ పెట్టె ఒకటి అక్కడే ఉంది, ఆయన జీపులో. ఊరి పారులన్నీ ఆళ్లకి తెలిసిపోతాయి. మళ్లీ వెనక్కి తేవడం నావల్ల కాదు.”

“పారులెందుకే నాకు? నాకు మడిసి కావాలి.”

నేను చేతులు విడిపించుకోలేదు.  

“అయ్య ఎవరికో ముక్కలిచ్చాడు. ఐదు చేతులు చాలు. నాకు రేపు పొద్దున్నదాకా టైమియ్యి. దొరక్కపోతే నీ ఎదురుగానే బిళ్ల పెడతాను.”

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. “మీ అయ్య కూడా ఆ పడవలోనే ఉన్నాడు కాబట్టి నమ్ముతన్నాను” అని చేతులు వదిలేసింది.

ముకుందం గారు వాచీ చూసుకున్నారు. “మీరు తీసుకుంటున్న నిర్ణయం ఏమిటో మీకు అర్థమవుతోందా?” అన్నారు.

“అర్థమవుతోంది. హెలికాప్టర్ సిద్ధంగా ఉందన్నారుగా, గస్తీ ఓడలు లేని దక్షిణానికి పంపండి. తాళం ఇవ్వనిదే ఎగరదంటే అది హెలికాప్టర్ కాదు, గాలం.”

ఆయన జీపెక్కారు. హెలికాప్టర్ ఎగరలేదు.

*

మొదట మా వాళ్ల దగ్గరికే వెళ్లాను. పెదనాన్న, ఇద్దరు బాబాయిలు, మేనత్త, అయ్య తోడల్లుడు. పెట్టె చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కొక్కరూ ఏడుస్తూ పలక మీద చెయ్యి పెట్టారు. ఏ దీపమూ వెలగలేదు. సొంత అన్నదమ్ములకి కూడా ముక్క ఇవ్వలేదని తెలిసి పెదనాన్న ఆ బాధలోనూ చిన్నబుచ్చుకున్నాడు. బంధువులు అయిపోయేసరికి నాలుగు దాటింది. సగం పూట ఇలా తగలేశాను.

తిరిగొచ్చి కొర్లమ్మ పిన్ని గుమ్మం ముందు కూలబడ్డాను. “నీకేమైనా తెలుసా పిన్నీ? బాబాయికి ఇచ్చాడా?”

“ఆడికే ఇవ్వనేదు. ఇరవై ఏళ్లు ఒకే పడవలో తిన్నారు. అయినా ఇవ్వనేదు.” ఆమె ఎదురుగా ఉన్న సూరాడ మసేను కొట్టం వైపు చూస్తూ ఉంది. తలుపు సందులోంచి మా కొత్త వల కనిపిస్తోంది. “మీ అయ్య బుర్రే తిరకాసు. వల తెచ్చి ఆ మసేనుగాడి కొట్టంలో ఎట్టినాడు. ఆడికీ ఈడికీ ఆరేళ్లై మాటల్నేవు.”

నేను లేచి నిలబడ్డాను. ఆ వల సంగతి నేను అయ్యని ఒకసారి అడిగాను. అన్నదమ్ములుండగా మసేను ఇంట్లో పెట్టావేంటని. అయ్య నవ్వి, “మనోడి దగ్గరెడితే ఎవులడిగినా మొగమాటానికి ఇచ్చీస్తాడే. పగోడు ఊరికే ఇవ్వడు. నా వల తాకినోడి కాలిరగ్గొడతాడు, నా మీద కోపంతోనే” అన్నాడు.

అయ్యకి పడనివాళ్ల పేర్లు రాయడం మొదలుపెడితే పదకొండు వచ్చాయి. ఒకాయనతో వల చిక్కుపడిన గొడవ. ఒకాయనతో వేలంపాటలో మాటా మాటా. ఒకావిడ తన మేకని అయ్య తన్నాడని తొమ్మిదేళ్లుగా ఇటు చూడదు. తన్నలేదని అయ్య ఇప్పటికీ అంటాడు.

మసేను తలుపు తీసి, పెట్టె చూసి, నేనడగకుండానే చెయ్యి పెట్టాడు. పచ్చదీపం. “నిన్నట్నుంచి కూకున్నాను, ఎవులైనా వొస్తారేమోనని. ఎవులికీ సెప్పనని ఒట్టేసినాను మరి” అన్నాడు. మేక గలావిడది పచ్చదీపం. చీకటి పడకముందే పదిమంది చేతులూ వేయించాను. ఆరు చేతులకి దీపం వెలగలేదు, నాలుగు పచ్చగా వెలిగాయి. మిగతా ముక్కలు ఏ ఊళ్లో ఎవరి దగ్గరున్నాయో తెలియదు. మా ఊళ్లో ఇంక మిగిలింది ఒక్కడే, వాసుపల్లి దానయ్య. అతను బుధవారం పడవ వేసుకుని వెళ్లి ఇంకా రాలేదు.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి దానయ్య పడవ ఒడ్డుకి తగిలింది. నేను మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లి నిలబడ్డాను. పడవలో ఒక్క చేపా లేదు. వలలు పొడిగా ఉన్నాయి. రెండు రోజులు ఏం చేశాడో అడగలేదు.

“దానయ్య మావా, చెయ్యి.”

అతను పెట్టె చూసి, నన్ను చూసి, చెయ్యి తుడుచుకుని పలక మీద పెట్టాడు.

ఎర్రదీపం.

ముక్క ఉంది. ఇష్టం లేదు.  కొర్లమ్మ పిన్ని వెనకనుంచి వచ్చి, “ఏరా దానయ్యా, నీ కాళ్లట్టుకోమంటావా?” అంది.

“ఒద్దు పిన్నీ. బతిమాలితే అది ఇంకా ఎర్రబడుతుంది” అన్నాను.

దానయ్య చెయ్యి తియ్యలేదు. పలక వైపే చూస్తూ మాట్లాడాడు. “పన్నెండేళ్ల కిందట మా అన్న రానప్పుడు మీ అయ్యకి తెలుసు, ఏ పారు మీదికెల్లినాడో. అది మీ పారు. దొంగతనంగా ఎల్లినాడు మా అన్న. కాదన్ను. మీ అయ్య నోరిప్పి ఇదీ సోటు అనుంటే పది పడవలెల్లుండును. ఆడు సెప్పనేదు. ఒక్కడే ఎల్లినాడు, రెండు దినాలు ఎతికినాడు, ఖాళీగా వొచ్చినాడు. మా అన్న మరి దొరకనేదు.”

ఈ సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కెరటం వచ్చి నా నడుము దాకా తడిపింది.

“ఈ పెట్టె వొచ్చినాక ఒకనాడు నా గుమ్మంలోకొచ్చినాడు మీ అయ్య. నా సెయ్యట్టుకుని ఈ పలక మీద ఎట్టినాడు. నానెందుకు ఊరుకున్నానో నాకే తెల్దు. ఒక్క ముక్క మాటాడనేదు. మొకం సూడనేదు. ఎల్లిపోనాడు.” అతను పలక మీది చేతిని ఇంకా గట్టిగా అదిమాడు. “ఆడు సేసిందే ఇయ్యాల నాను సెయ్యొచ్చు. సోటు తెలిసీ నోరు మూసుకోవొచ్చు. ఆడికి తగిన శాస్తే.”

అతను రెండో చేత్తో మొహం మీది ఉప్పునీళ్లు తుడుచుకున్నాడు.

“నాను పోలయ్యని కాను.”

పచ్చదీపం వెలిగింది.

పెట్టెలోంచి అయ్య గొంతు వచ్చింది. గాలి హోరులో అరుస్తున్నాడు. తాతపారు మీద ఉన్నామని, గురుతులు ఇవీ అని వరసగా చెప్పాడు. తర్వాత ఎల్లాజీ బాబాయి గొంతు. “కంపెనీ ట్రాలరు వొల మీదకొచ్చీసినాదండి. మా ఇంజను పంఖా ఇరిగిపోనాది. సూసి కూడా ఆగనేదు. లంగరు పారుకి పట్టుకున్నాది, ఇక్కడే ఉన్నాం. నీళ్ల డబ్బా పగిలిపోనాది.” అంతే.

పిన్ని ఆ గొంతు విని ఇసకలో కూర్చుండిపోయింది. మూడు తరాలు ఎవరికీ చెప్పని గురుతుల్ని దానయ్య ఒడ్డంతా వినేలా గట్టిగా అరిచి చెప్పాడు. ఇరవైరెండు పడవలు ఒకేసారి నీళ్లలోకి దిగాయి. ముందు పడవలో దానయ్య, పక్కన నేను. పడవలు నెట్టేటప్పుడు ఆ రోజు ఎవరూ ఎవర్నీ “ఎటు?” అని అడగలేదు.

పన్నెండున్నరకి తాతపారు చేరాం. అయ్య పడవ అడుగున చేరగిలబడి ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఎల్లాజీ బాబాయి తల అతని ఒడిలో ఉంది. మొహం మీద తువ్వాలు కప్పి ఉంది.

“తెల్లారగట్ల” అన్నాడు అయ్య. పెదవులు పగిలి మాట రావడం లేదు. దానయ్య ఆ పడవలోకి దూకి నీళ్లు పట్టించాడు. అయ్య అతన్ని చూసి, కాసేపు కళ్లు మూసుకుని తెరిచి, చెయ్యి చాపాడు. దానయ్య పట్టుకోలేదు. కానీ ఎల్లాజీ బాబాయిని తన పడవలోకి తనే ఎత్తుకున్నాడు.

నేను లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. గురువారం మధ్యాహ్నం బిళ్ల పెట్టి ఉంటే సాయంత్రం ఆరింటికి పడవలు ఇక్కడుండేవి. ఎల్లాజీ బాబాయి శుక్రవారం తెల్లవారుజామున పోయాడు.

*

పదో రోజు అయ్యాక కొర్లమ్మ పిన్ని ఇంటికి వెళ్లాను. బిళ్ల ఆమె చేతిలో పెట్టాను. “ఇది నాది కాదింక. ఎవరికిస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం.” ఆమె తీసుకుని కొంగున ముడేసుకుంది. కూర్చోమనలేదు. నేను వెళ్తుంటే తలుపేసుకుంది.

మా పరిశోధనశాల సమావేశం గదిలో విచారణ పెట్టారు. పొడవాటి బల్ల, మంచినీళ్ల సీసాలు, గోడమీద నా పెట్టె బొమ్మ. నన్ను అడిగారు. వాడి ఉంటే ఎల్లాజీ బతికేవాడా? బతికేవాడన్నాను. తెలిసే వాడలేదా? తెలిసే వాడలేదన్నాను. కేకకి తాళం పడేలా పెట్టె చేసింది మీరేనా? నేనే అన్నాను. సదాశివం గారు తలవంచుకుని కూర్చున్నారు. ముకుందం గారు ఒక కాగితం తీసి చదివారు. ఇకమీదట తీరమంతటా ప్రతి పెట్టెకీ ఒక పెద్ద తాళం ఉండాలని, అది కంపెనీ సంరక్షణలో ఉండాలని అందులో ఉంది. ప్రాణరక్షణ కోసం.

తర్వాత పిన్నిని లోపలికి పిలిచారు. ముకుందం గారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

“అమ్మా, ఆ తాళం మీ దగ్గరుందని తెలుసు. ఆ రోజు అది వాడి ఉంటే మీ ఆయన బతికి ఉండేవారు. అవునా?”

“అవును.”

“అది మాకిస్తే రేపు ఇంకో ఇల్లాలికి ఇలా జరగదు.”

పిన్ని కొంగు ముడి విప్పింది. నల్లగా, తళతళమంటూ చిటికెడు పొడి బల్ల మీద పోసింది.

“మావోడి పదోదినానికి పులుసులోకి మసాలా నూరినాను. ఆ రోట్లోనే మర్నాడు దీన్ని కూడా నూరీసినాను. శానా గట్టిది. మజ్జేనందాకా పట్టినాది.”

 ముకుందం గారు ఆ పొడి వైపు చూస్తూ ఉండిపోయారు.

“తాళం నేక సచ్చిపోనాడంతన్నారు. నిజమే. మరి పంఖా ఎందుకిరిగినాది? నీళ్ల డబ్బా ఎందుకు పగిలినాది? ఆడి గొంతుతోనే సెప్పినాడు, ఒడ్డంతా ఇన్నాది. మీ ట్రాలరు ఆగుంటే ఏ తాళమూ అక్కర్నేకపోను. ఇప్పుడు మిగిలిన పారులన్నీ కూడా మీకే ఇమ్మంతారు. మళ్లీ మావోల్ని తొక్కీసి, మళ్లీ మీరే కాపాడతారేటి?”

ఆమె కొంగు దులుపుకుంది. ఆ పొడి కాస్త ముకుందం గారి కాగితం మీద పడింది.

బయట మెట్ల దగ్గర ఆమెని అందుకున్నాను. “పిన్నీ” అన్నాను. ఆమె ఆగింది, కానీ తిరగలేదు.

“నీ తప్పు ఒగ్గీసినాననుకోకు. నువ్వు గురువారం తెరిసుంటే నా మొగుడు నా ఇంట్లో ఉండును. అదేరు. ఇదేరు.”

*

ఆ నెలలోనే పరిశోధనశాలకి డబ్బు ఆగిపోయింది. నా పెట్టె తయారీ నమూనాల ఫైలు కంపెనీకి అప్పగించమని మూడు ఉత్తరాలొచ్చాయి. ఒక సాయంత్రం సదాశివం గారు నమూనాలున్న కబురుపెట్టెని సొంత కారులో తెచ్చి మా ఇంటి అరుగు మీద దించారు. వెళ్లేముందు పలక మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు. పచ్చదీపం వెలిగింది. ఆ నమూనాల ఫైలుకి కావలసిన తొమ్మిది చేతుల్లో మొదటిది ఆయనది.

ఇప్పుడు ప్రతి పెట్టెకీ ఒక కొత్త మీట ఉంది. అది నొక్కి మాట్లాడితే తాళం పడదు, దారిన పోయే ప్రతి పడవలోనూ గట్టిగా వినిపిస్తుంది. దాన్ని ఊరందరూ ఒప్పుకోవడానికి ఆరు సమావేశాలు పట్టింది. చోటు పేరు పైకి చెప్పడమా అని ముసలివాళ్లు గింజుకున్నారు. దానయ్య లేచి ఒక్క మాట చెప్పాక గొడవ ఆగింది. ఆ మీటకి ఎల్లాజీ పేరు పెట్టారు. అయ్య, దానయ్య ఇంకా మాట్లాడుకోరు. కానీ పొద్దున్నే పడవలు నెట్టేటప్పుడు దానయ్య ఎటో చూస్తూ “ఎటు?” అంటాడు. అయ్య “ఉత్తరం” అంటాడు. ఇద్దరూ దక్షిణానికి పోతారు.

నమూనాల ఫైలుకి నేను ఎనిమిది చేతులు ఎంచుకున్నాను. తొమ్మిదోది లేకుండా తాళం పడదు. ముక్క తీసుకోవడానికైనా ఇష్టముండాలి, లేకపోతే అప్పుడూ ఎర్రదీపమే, నేనే అలా చేశాను. కంపెనీ మనుషులు ఊరి చివర జీపులో కూర్చునే ఉన్నారు. పెట్టె తాళం లేకుండా మా ఇంట్లో ఉందని వాళ్లకి తెలుసు. మరొకరి చెయ్యి వేయించి ముగించెయ్యమని అయ్య అన్నాడు, సదాశివం గారూ అన్నారు. నేను వినలేదు. నా దగ్గర మొహమాటపడని చెయ్యి ఈ ఊళ్లో ఒక్కటే ఉంది.

రోజూ సాయంత్రం పెట్టె తీసుకుని కొర్లమ్మ పిన్ని గుమ్మంలో కూర్చుంటాను. ఆమె చేపలు తోముతూ ఉంటుంది. తోమడం అయ్యాక చెయ్యి కడుక్కుని, పైట చెంగుకి తుడుచుకుని, నా మొహం చూడకుండా వచ్చి పలక మీద పెడుతుంది. ఎర్రదీపం. ఇద్దరం దాన్ని కాసేపు చూస్తాం. నేను ఏమీ అడగను. ఆమె ఏమీ చెప్పదు.

నిన్న నలభై మూడో రోజు. దీపం ఎర్రగానే ఉంది. ఆమె చెయ్యి తీసి లోపలికి వెళ్లి, ఒక గిన్నెలో పులుసు తెచ్చి పెట్టె పక్కన పెట్టింది.

“రేపు రా” అంది.